బి-పదిహేడులో రెండో పేరు

ఎలీశమ్మ పోయి ఒక రాత్రి గడిచింది. ఎల్బీనగర్‌లో వాళ్ల కిరాయి ఇంటి ముందు, టెంటు కింద, ఫ్రీజర్ పెట్టెలో ఉంది మనిషి. మూడింటికి తియ్యాలి. "మీ తాత ఉన్న గుంతలనే నన్ను పెట్టుండ్రి బిడ్డా. పక్కన కాదు, అండ్లనే" అని చివరి నెలంతా మనవరాలి చెయ్యి పట్టుకుని అడిగింది. ఆ మాట నిలబెట్టడానికే జోస్నా పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ గల్లీలోని మందిరం ఆఫీసుకు వచ్చింది. సమాధుల తోట తుర్కయంజాల్ అవతల ఉన్నా, గుంత తెరవడానికి చిట్టీ ఇక్కడే రాయాలి. చిట్టీ చూడనిదే అక్కడ గడ్డపార లేవదు.

పోయిన వారం మనం ఆమెను వదిలింది ఆ ఆఫీసులోని కంప్యూటర్ ముందు. తెర మీద సమాధుల రిజిస్టరు. బి వరుస, పదిహేడో నంబరు: దానియేలు. దాని కిందే మళ్లీ బి పదిహేడు: మళ్లీ దానియేలు. మందిరం కట్టడి ప్రకారం ఒక గుంతలో ఇద్దరికే చోటు. రెండో దానియేలు టైపు తప్పయితే నాయనమ్మకు చోటున్నట్టు. కాకపోతే లేనట్టు.

"తప్పే అయ్యుంటుందమ్మా," అంది అరుణమ్మ, కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుంటూ. గుంటూరు వైపు మనిషి. నాలుగేళ్లుగా ఈ ఆఫీసులో రాతపని ఆమెదే. "ఒకే మనిషిని రెండుసార్లు ఎట్టా పూడుస్తారు? కానీ సెక్రటరీ గారు రాందే నేను ఒక్క అక్షరం తియ్యను. ఎందుకంటే, ఇది నిన్నా మొన్నా పడ్డ తప్పు కాదు. పాత నిబంధనలోనే ఇట్టా ఉంది."

"పాత నిబంధన ఏంది ఆంటీ?"

అరుణమ్మ కంప్యూటర్ వైపు గడ్డం ఊపింది. మే నెలలో దానికి వైరస్ సోకిందని ఎవరో మెకానిక్‌ను పిలిపిస్తే, అతను విండోస్ కొత్తగా ఎక్కించి, ఉన్న ఫైళ్లన్నీ అందులోకి కాపీ చేసి పోయాడు. అప్పటి నుంచి స్విచ్ వేయగానే నీలం తెర వచ్చి ఏది కావాలని అడుగుతోంది. రెండు వరుసలు, రెండింటి మీదా ఒకటే పేరు. ముప్పై సెకన్లలో ఎవరూ ఏదీ నొక్కకపోతే పైది దానంతటదే తెరుచుకుంటుంది.

"నేను గుర్తు పెట్టుకున్నాలే," అంది అరుణమ్మ కొంచెం గర్వంగానే. "పైది పాత నిబంధన, కిందది కొత్త నిబంధన. బైబిల్లో ముందుండేది పాతదే కదా. అందుకని సమాధుల్లాంటి పాత సంగతులు పైదాంట్లో చూస్తాను. ఈ మధ్య జరిగిన బాప్తిస్మాలూ పెళ్లిళ్లూ కిందదాంట్లో ఎక్కిస్తాను. నేను టీ తాగొచ్చేలోపు పైది తెరుచుకుందనుకో, నా బాప్తిస్మాలన్నీ మాయం. రెండు నెలల నుంచీ ఇదే గోల."

నిన్నటి నుంచి మొదటిసారి జోస్నాకు నవ్వు రాబోయింది. పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. కంప్యూటర్‌కు బైబిల్ వరుస తెలియదు. అది కొత్తగా ఎక్కినదాన్నే పైన పెడుతుంది. పాతది కిందికి పోతుంది. అంటే అరుణమ్మ రెండు నెలలుగా కొత్తదాన్ని తెరిచి పాతదనుకుంటోంది. రెండో దానియేలు పాత రిజిస్టరులో ఉన్నాడో లేడో ఇంతవరకూ చూసినవాళ్లే లేరు.

ఆ మాట చెప్పబోతుండగానే గుమ్మంలో గొడుగు ముడిచిన చప్పుడైంది. యోబు వచ్చాడు.

తోటకు సెక్రటరీ ఆయన, ఇరవై ఏళ్ల పైనుంచి. బస్ డిపోలో చేసి రిటైరైన మనిషి. జోస్నా డిగ్రీ పాసైన ఆదివారం, వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఈ పిల్లేనని మైకులో చెప్పి, మందిరమంతా చప్పట్లు కొట్టించింది ఆయనే. ఆయనను చూస్తే ఆమె కుర్చీలోంచి లేవకుండా ఉండలేదు. ఇప్పుడూ లేచింది.

"కూసో బిడ్డా. ఏమన్న తిన్నవా?"

"చాయ్ తాగిన అంకుల్."

"చాయ్ తాగితే ఎట్ల? సరే, ఇను. ముందుగల నీలం తెర మీది గా కిందిగీత తీసెయ్. నీ పనే గద అది. అరుణమ్మ రోజు పరేషాన్ అయితుంది. నువ్వు గది తీసెయ్, నేను రెండో దానియేలును కొట్టేస్త. చిట్టీ రాసిస్త. మీ నాయనమ్మ పోయి మీ తాత కాడ పండుకుంటది. పది నిమిషాల పని."

పది నిమిషాలు కూడా అక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో రామారావు గారి కంప్యూటర్ దుకాణంలో జోస్నా రెండేళ్లుగా చేస్తున్న పనుల్లో ఇది అన్నిటికంటే చిన్నది. చైతన్యపురి హాస్టళ్ల పిల్లలు వారానికి నలుగురైనా ఇదే రోగంతో లాప్‌టాప్‌లు తెస్తారు. అయితే ఆ దుకాణంలో ఒక కట్టడి ఉంది. చేరిన కొత్తలో ఆమె ఒక కుర్రాడి లాప్‌టాప్‌లో కిందిగీతను అడక్కుండానే తీసేసి, ఖాళీ అనుకుని ఆ డ్రైవునూ తుడిచేసింది. వాళ్ల నాన్న ఆపరేషన్ కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి. రామారావు గారు కేకలు వెయ్యలేదు. "తీసేసే ముందు తెరవాలమ్మా. తెరిచి, ఇందులో ఇది ఉందండీ అని వాళ్లకి చూపించాలి. అప్పుడు కూడా తీసెయ్యమంటేనే తియ్యి," అన్నారంతే. అప్పటి నుంచి జోస్నా ఆ మాట తప్పలేదు.

"ఒక్కసారి కిందది తెరిచి చూస్త అంకుల్. మా దుకాణంల పద్ధతి."

"ఏముంటది అండ్ల? పాడైందనే గద కొత్తది ఎక్కిచ్చింది."

"పాడైతే తెరుచుకోదు. తెరుచుకోకుంటే గప్పుడే తీసేస్త. ఆంటీ ఎక్కిచ్చిన బాప్తిస్మాలు గుడ అండ్లనే ఉన్నయి. గవన్న కాపీ చేసుకోవాలె గద."

యోబు గొంతు తగ్గింది. "బిడ్డా. ఇంటికాడ మనిషి పెట్టెల ఉన్నది. నువ్వు ఈడ కూసోని దుకాణం పద్ధతులు చెప్తున్నవా?"

ఆ మాట సూటిగా తగిలింది. అదే సమయానికి ఫోన్ మోగింది. వాళ్ల నాయన విజయ్ కుమార్.

"చిట్టీ దొరికిందానే?"

"దొరుకుతది నాయనా. తాత గుంత సంగతే జర చూస్తున్నం."

"గా గుంతనే కావాలని పట్టు పట్టకు. కొత్త జాగ ఇస్తమంటే తీస్కో. వాన మళ్ల వస్తట్టున్నది."

"నాయనమ్మ అడిగింది గద నాయనా."

అటువైపు టెంటు కింద ఎవరో పాట ఎత్తుకున్నారు. "నీ ఇష్టం," అని పెట్టేశాడు. నిద్ర లేని మనిషి, విసుగు అనుకుంది జోస్నా. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. నీలం తెర వచ్చింది. ముప్పై, ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది. బాణం మీట ఒకసారి కిందికి నొక్కింది.

"జోస్నా," అన్నాడు యోబు.

పాడైందన్నది సాఫీగానే తెరుచుకుంది. అరుణమ్మ ఎక్కించిన బాప్తిస్మాల పట్టిక ఒక మూల ఉంది. దాని పక్కనే సమాధుల రిజిస్టరు. కాగితం రిజిస్టరు ఎప్పుడో వానలకు తడిసి ముద్దయింది. దాన్ని చూసి ఎక్కించిన ఈ పట్టికే ఇప్పుడు అసలుది. జోస్నా బి వరుస దాకా దిగింది.

బి 17. దానియేలు. 2003 నవంబరు.

బి 17. సూర్యప్రభ. వయసు 27. భర్త విజయ్ కుమార్. 2008 ఆగస్టు.

మొదట ఆమెకు ఏమీ అనిపించలేదు. వేరెవరి ఇంటి సంగతో చదివినట్టు ఇంకోసారి చదివింది. వెనక నిలబడ్డ అరుణమ్మ కూడా పెదాలు కదుపుతూ చదివింది. "సూర్యప్రభంటే ఎవరమ్మా? మీ నాన్నగారి పేరు పెట్టి ఉందే..."

"మా అమ్మ."

అరుణమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

అమ్మ వాళ్లోళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. జోస్నాకు ఊహ తెలిసినప్పటి నుంచి తెలిసింది అదొక్కటే. ఆంధ్రావాళ్ల పిల్ల, పెద్దింటి పిల్ల, గల్లీలో బతకలేక ఒకరోజు లేచి పుట్టింటికి నడిచింది. ఎవరడిగినా ఇంట్లో ఇదే జవాబు. ఆ అమ్మ ఈ ఊళ్లోనే ఎక్కడో హాయిగా బతుకుతోందని జోస్నా నమ్మింది. నమ్మి, తిట్టుకుంటూ పెరిగింది. ఏటా ఈస్టరు తెల్లవారుజామున నాయనమ్మతో తోటకు పోయి, తాత రాయికి సున్నం కొట్టేది. నాయనమ్మ ప్రతిసారీ రెండు కొవ్వొత్తులు వెలిగించేది. ఒకటి గాలికి ఆరినా రెండోది ఉంటదే అనేది.

"అంకుల్." ఆమె కుర్చీ ఆయన వైపు తిప్పింది. "కొత్తదాంట్ల మా అమ్మ పేరు మీద మా తాత పేరు ఎవరు రాసిన్రు?"

యోబు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొడుగులోంచి నీళ్లు కారి ఆయన చెప్పుల కిందికి చేరుతున్నాయి. "నేనే."

"ఎందుకు?"

"మీ నాయనమ్మ రాయమన్నది."

చెప్పడం మొదలుపెట్టాక ఆయన ఎక్కడా ఆగలేదు. ఎన్నాళ్లుగానో లోపల వరుసపెట్టి ఉంచుకున్నవాడిలా చెప్పాడు.

"మీ అమ్మ తన పానం తనే తీసుకున్నది బిడ్డా. నువ్వప్పుడు ఒకటో తరగతి. గప్పటి కమిటీ అంత ఈ రూములనే కూసున్నరు. గట్ల చేసుకున్నోళ్లకు తోటల కొత్త జాగ ఇయ్యం అన్నరు. వాళ్లోళ్లేమో మాది కాదు, మీతోని వచ్చిన పిల్ల, మీరే చూస్కోండని తలుపు పెట్టుకున్నరు. ఎటూ కాకుంట మనిషి దవాఖాన మార్చురీల రెండు దినాలున్నది. మూడో దినం మీ నాయనమ్మ ఒక్కతే వచ్చింది. గీ టేబుల్ కాడ్నే నిలబడ్డది. 'మిమ్మల్ని కొత్త జాగ అడుగుతలేను. మా ఇంటాయన గుంతల నా చోటున్నది గద? గది నా కోడలికి ఇస్తున్న. నా చోటు నేనిస్తుంటే వద్దనేటోడు ఎవడు, లేవుండ్రి' అన్నది. ఒక్కడు లేవలే. వేలిముద్ర పెట్టి పోయింది."

"మరి నన్ను అండ్లనే పెట్టుమని ఎందుకడిగింది? ఇచ్చేసింది గద."

"మొన్న మంచం పట్టినంక నన్ను పిలిపిచ్చింది. 'యోబు, చోటయితే ఇచ్చిన గని, ఒక్కదాన్నే యాడనో పండుకోవాలంటే బుగులైతుంది. వాళ్లిద్దరి కాడికే పోత. పేరు ఒకటి తీసేసి నాకు జాగ చెయ్యి. పొల్లకు తెల్వనియ్యకు' అన్నది. తీసెయ్యనీకి నాకు చెయ్యి రాలే. పేరు మీద పేరు రాసిన. టైపు తప్పనుకుంటరు, మీ చిట్టీ రాసేనాడు కొట్టేయచ్చు అనుకున్న. పాతది లోపల బతికే ఉన్నదని నాకేం తెలుసు? మొన్న అరుణమ్మ రెండు గీతలున్నయి అని చెప్తే గప్పుడు సమజైంది."

"మా నాయనకు తెలుసా?"

"మీ నాయనే మోసిండు."

జోస్నా టేబుల్ అంచు పట్టుకుంది. "పదిహేడేండ్లు, అంకుల్. చైతన్యపురి మెట్రో మెట్లకాడ నలభై దాటిన ఆడమనిషి ఎవరు కనవడ్డ మొకంలకు చూసిన. ఈమెనేనా, నన్ను ఇడిచిపెట్టింది ఈమెనేనా అని. కనవడితే ఏం అనాలెనో గుడ రాసి పెట్టుకున్న. మీరు మైకుల నా పేరు చదివిన్రు. చప్పట్లు కొట్టిచ్చిన్రు. గానాడన్న చెప్పకపోతిరి."

"ఏమని చెప్పాలె? ఎందుకు చేసుకున్నదమ్మా అని నువ్వడిగితే నా కాడ జవాబు లేదు. గది మీ నాయనను అడుగు. నన్ను అడగకు." ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ముందుకు వంగాడు. "ఇప్పుడు గుడ మించిపోలే బిడ్డా. గీత తీసెయ్. నేను పైదాంట్ల రెండో దానియేలును కొట్టేస్త. తవ్వేటోళ్లకు నేను చెప్పుకుంట. ముసలామె మాట నిలబడతది. ఎవ్వరికి తెల్వది."

ఆయన చెబుతున్నది తప్పని కూడా అనలేం. అడిగింది నాయనమ్మే. చోటు ఇచ్చిందీ ఆమే, తిరిగి అడిగిందీ ఆమే. ఒక్క మీట నొక్కితే పెంచిన మనిషి చివరి కోరిక తీరుతుంది. ఆ మీట కింద పోయేది, పదిహేడేళ్లలో ఎక్కడా లేకుండా ఈ ఒక్క వరుసలోనే మిగిలిన కన్నతల్లి పేరు.

జోస్నా పెన్‌డ్రైవ్ పెట్టింది. బాప్తిస్మాలనూ పాత రిజిస్టరునూ అందులోకి తీసుకుంది. కంప్యూటర్ ఆపి, ఈసారి పై వరుసలోకి వెళ్లింది. బి పదిహేడు, రెండో దానియేలు. ఆ పేరు చెరిపి, సూ అని మొదలుపెట్టి ఒక్కొక్క అక్షరం కొట్టింది. వయసు కొట్టింది. భర్త పేరు కొట్టింది. నెల, సంవత్సరం కొట్టింది. కూతురికి ఆ పట్టికలో గడి లేదు. సేవ్ చేసింది.

"ఏం చేసినవే?" యోబు లేచాడు. "నీ చేతుల్తోనే మీ నాయనమ్మ జాగ మూసుకున్నవ్."

"ఉన్నది రాసిన అంకుల్. ఇంక మీరు చెప్పిన పని."

ఆమె రెండు మీటలు నొక్కి, చిన్న గడిలో ఎంఎస్ కాన్ఫిగ్ అని కొట్టింది. బూట్ అన్న చోట నొక్కితే రెండు వరుసలూ కనిపించాయి. ఒకదాని పక్కన ఇప్పుడు నడుస్తున్నది ఇదే అని రాసి ఉంది. ఇంకోదాని పక్కన ఏమీ లేదు. ఏమీ లేనిదాన్ని ఎంచుకుని, తీసెయ్యి అన్నది నొక్కింది. ఆ వరుస పోయింది. సరే అని నొక్కి, కంప్యూటర్‌ను మళ్లీ వేసింది. నీలం తెర రాలేదు. ఏమీ అడగకుండా నేరుగా తెరుచుకుంది.

యోబు తెర వైపే చూస్తున్నాడు. "ఇంక పాతదంత పోయినట్టేనా?"

"పోలే. గీత పోయింది అంతే. లోపలిది యాడున్నది ఆడ్నే ఉంటది. తొవ్వ మూసినం."

ఆయన మళ్లీ కూర్చుండిపోయాడు. ఆ ముఖంలో కోపం లేదు. అలసట ఉంది.

గోడ గడియారం పన్నెండు దాటింది. బయట చినుకులు మళ్లీ మొదలయ్యాయి. అరుణమ్మ బీరువా తెరిచి, అట్ట ఊడిన కట్టడి పుస్తకం తీసి పేజీలు తిప్పుతోంది. కళ్లద్దాలు మళ్లీ తడిశాయి, ఈసారి తుడుచుకోలేదు.

"జోస్నమ్మా, ఇటు రా. ఇద్దరికే అన్నది నిజమే గానీ, కింద ఇంకో మాట రాసుంది చూడు. మూడో మనిషిని పెట్టాలంటే, ముందు ఇద్దరికీ రిజిస్టరులో సంతకం పెట్టినవాళ్లు ఒప్పుకుని చేవ్రాలు చెయ్యాలట. అప్పుడు కమిటీ కాదనకూడదట. ఏం సెక్రటరీ గారూ, ఈ మాట మీకు తెలీదా?"

"తెలుసు," అన్నాడు యోబు నేల చూస్తూ. "అడగనీకి మొకం లేక ఊకున్న."

జోస్నా పెన్‌డ్రైవ్‌లోని పాత రిజిస్టరు తెరిచి, బి పదిహేడు వరుసను చివరి గడి దాకా జరిపింది. ఇందాక అంతదూరం చూడలేదు. దానియేలుకు సంతకం పెట్టింది విజయ్ కుమార్. సూర్యప్రభకు పెట్టింది ఇద్దరు. ఎలీశమ్మ, వేలిముద్ర. నాగేశ్వరి, తల్లి, చైతన్యపురి. పక్కనే ఒక ఫోన్ నంబరు.

"వాళ్లోళ్లు తలుపు పెట్టుకున్నరు అన్నరు గద?"

"మొగోళ్లు పెట్టుకున్నరు. ఆమె ఒక్కతే వచ్చింది, ఇంట్ల చెప్పకుంట. గుంతకాడికి రాలే, గేటుకాడ నిలబడ్డది. మన్ను పోసేదాక ఉన్నది." యోబు నిట్టూర్చాడు. "పదిహేడేండ్ల కిందటి నంబరు బిడ్డా. ఉంటదో ఉండదో. ఉన్నా ఆమె ఉన్నదో లేదో."

చైతన్యపురి. దుకాణం నుంచి నడిచిపోయేంత దూరం. వారానికి నలుగురు పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని వచ్చే ఆ దారిలోనే ఎక్కడో తన అమ్మమ్మ ఉంది. నాయన సంతకం ఇంట్లోనే దొరుకుతుంది. ఈ పూటలోపు ఆమె చేత ఒక సంతకం పెట్టించాలి. పెట్టిస్తే నాయనమ్మ వాళ్లిద్దరి దగ్గరికీ చేరుతుంది. ఏ పేరూ చెరపకుండా చేరుతుంది.

జోస్నా నంబరు కొట్టింది. మోగుతోంది. ఆరోసారి మోగాక ఎత్తారు.

"హలో," అంది జోస్నా. ఏమని పిలవాలో తెలియలేదు. "నమస్తే అమ్మా. నేను..."

"చెప్పు జోస్నా," అంది అవతల ఒక ముసలి గొంతు, తొట్రుపాటు లేకుండా.

ఈ మనిషికి తన నంబరు తనెప్పుడూ ఇవ్వలేదు. తన పేరు కూడా చెప్పలేదు.

"ఎలీశమ్మ గారు పోయారని మీ నాన్న రాత్రే ఫోను చేశాడు. నీ నంబరిచ్చి, సంతకం అడుగుతావేమోనని కూడా చెప్పాడు. నా బిడ్డ కోసం తన చోటు వదులుకున్న మనిషి. రాలేకపోతున్నందుకు నా కడుపు తరుక్కుపోతోంది. నువ్వొకసారి వస్తానంటే కళ్లారా చూసుకుంటాను తల్లీ. కానీ సంతకం కోసమైతే రావద్దు. నేను పెట్టను."

"ఎందుకు?" అని ఎలాగో అడిగింది జోస్నా.

అవతల ఏదో తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"ఆ గుంత ఇంకోసారి తెరవకూడదు. ఇన్నేళ్లూ మీ నాన్నా నేనూ మాట్లాడుకుంటున్నది అదొక్కదాని కోసమే."